దింపుడు కళ్లం

(గల్వాన్ లోయలో పోయినవారి స్మృతిలో జూన్ నెల ఒక సాయంత్రం బాసరలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



నన్ను పిలవడానికి వచ్చిన గ్రంథాలయ మిత్రులు ఒక షరతు పెట్టారు. "సార్, దేశభక్తి మీద వద్దు. అది ఆగస్టు పదిహేనుకు ఎట్లనో వింటనే ఉంటం. మీరు చూసింది, మీకనిపించింది చెప్పుండ్రి" అన్నారు. ముప్పయ్యేళ్ళు తెలుగు వాచకం చెప్పినవాడిని పాఠం లేకుండా మాట్లాడమంటే కాళ్ళకింద గట్టు జారినట్టుంటుంది. అయినా ఒప్పుకున్నాను.

గట్టు అన్నాను గనుక అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మన బాసరకు మనుషులు రెండు పనుల మీద వస్తారు. పిల్లలకు అమ్మవారి ముందు అక్షరాభ్యాసం చేయించడానికి కొందరు, చనిపోయినవాళ్ళ అస్థికలు గోదావరిలో కలపడానికి కొందరు. నా చిన్నతనంలో స్టేషన్ దగ్గర ఆడుకుంటూ, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన రైలు దిగేవాళ్ళ చేతులు చూసి పందెం కాసేవాళ్ళం. పలక కనిపిస్తే గుడికి. గుడ్డ కట్టిన ముంత కనిపిస్తే గట్టుకు. పలక తెచ్చినవాళ్ళు తిరుగు రైలు దాకా గోల చేసేవాళ్ళు, అది సహజమే. ముంత తెచ్చినవాళ్ళు కూడా తిరిగిపోయేటప్పుడు మాట్లాడుకుంటూ, పుట్నాలు కొనుక్కుంటూ పోయేవాళ్ళు. అది మాకు చాలా వింతగా ఉండేది.

ఆ ముంత గట్టుకు రాకముందు ఊళ్ళోనే ఒక పని జరుగుతుంది. ఈ సభలో సగంమందికి తెలిసిందే, ట్రిపుల్ ఐటీ పిల్లల కోసం చెప్తున్నాను. పాడె మోసుకుపోతూ సగం దారిలో ఒకచోట దించుతారు. దాన్ని దింపుడు కళ్లం అంటాం. డప్పు ఆగుతుంది. దగ్గరి మనిషి వంగి పోయినవాడి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ఏ వరసైతే ఆ వరస: నాయినా, అన్నా, మామా. పిలిచి కాసేపు చూస్తాడు. ఎక్కడైనా కొసప్రాణం మిగిలి ఉంటే లేస్తాడేమోనని. లేవడని అందరికీ తెలుసు. అయినా పిలవకుండా ముందుకు కదలరు. ఇక లాభం లేదని తెలిసీ పెట్టుకునే ఆశను మనం ఇప్పటికీ దింపుడు కళ్లం ఆశ అంటాం. నేనివాళ చెప్పదలచుకున్నదంతా ఆ పిలుపు గురించి, పిలిచాక ఆగే ఆ కాసేపటి గురించి.

2020 జూన్ 16, మంగళవారం. మా మేనమామ సైన్యంలో సిగ్నల్స్‌లో హవల్దారుగా చేసి, 71 యుద్ధం చూసి, పింఛనీ మీద వచ్చి ఇక్కడే పిండి గిర్ని పెట్టుకున్నవాడు. ఆ మధ్యాహ్నం గిర్నిలో ఎవరివో జొన్నలు పడుతున్నాడు. నేను పక్కన కూచుని ఫోన్‌లో వార్తలు చూస్తున్నాను. గల్వాన్ లోయలో చైనావాళ్ళతో ఘర్షణ, ఒక అధికారి, ఇద్దరు జవాన్లు మృతి అని వచ్చింది. కొంతసేపటికి ఆ అధికారి పేరు తెలిసింది: కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు, సూర్యాపేట బిడ్డ, 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసర్. వయసు 37.

మామ గిర్ని బంద్ చేశాడు. "సీవో సాబా?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాను. "సీవో అంటె ఎవలనుకున్నవ్? పల్టన్‌కు తండ్రి. లీవు ఆయనే ఇస్తడు, శిక్ష ఆయనే ఏస్తడు. సీవో దాకా వచ్చిందంటె ముగ్గురితోని ఆగదురా. చూడు" అన్నాడు. రాత్రికి లెక్క ఇరవై అయింది. గాయపడి, గడ్డకట్టే చలిలో, అంత ఎత్తులో ఉండిపోయిన మరో 17 మంది కూడా చనిపోయారని సైన్యం ప్రకటించింది. మామ మాట నిజమైంది. ఆయన మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఇది: "ఎన్ని రౌండ్లు కాల్చిన్రట?" ఒక్కటీ లేదన్నాను. రాళ్ళు, కర్రలు, ఇనుపరాడ్లు, మేకులు దిగ్గొట్టిన దుడ్డుకర్రలు అని చదివి చెప్పాను. ఆయన నమ్మలేదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని అద్దాలు పెట్టుకుని తానే చదివాడు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకి పేల్చగూడదని 1996లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయన్న సంగతి నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆయన కొలువు దిగినప్పటికి ఆ ఒప్పందమే లేదు. 1975లో అరుణాచల్ వైపు తులుంగ్ లా దగ్గర నలుగురు అస్సాం రైఫిల్స్ జవాన్లు పోయిన తర్వాత ఆ సరిహద్దు ఘర్షణల్లో మన ప్రాణం పోవడం మళ్ళీ ఇదే. నలభై అయిదేళ్ళు. మామ ఆడించిన పిండి తిని పెరిగిన రెండు తరాలకు చైనా అంటే సెల్‌ఫోనూ, దీపావళి లైట్లూ తప్ప మరొకటి తెలియదు.

సంతోష్‌బాబు 1983 ఫిబ్రవరి 13న పుట్టాడు. తండ్రి ఉపేందర్ గారు స్టేట్ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. సైన్యంలో చేరాలని తనకు ఉండేదని, అది కుదరక ఆ కోరిక కొడుకు మీద పెట్టుకున్నానని ఆయనే చెప్పారు. పిల్లవాడు ఆరో తరగతికి విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలుకు పోయాడు. అక్కణ్ణుంచి సైనిక శిక్షణకు ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్, 2004 డిసెంబరులో 16 బిహార్. మొదట చేరిన పల్టన్‌కే 2019 డిసెంబరులో సీవో అయ్యాడు. ఆరున్నర నెలలు చేశాడు. ఆరో తరగతిలో ఇల్లు విడిచిన పిల్లల్ని నేను బళ్ళో చాలామందిని చూశాను. వాళ్ళకు అమ్మ ఎప్పటికీ సెలవుల్లోనే ఉంటుంది. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆ తల్లి మంజుల గారు మరునాడు టీవీల ముందు మాట్లాడినప్పుడు దుఃఖం, గర్వం రెండూ ఒకే ఊపిరిలో చెప్పారు. దేశమంతా ఆ గర్వాన్ని వినిపించుకుంది. నేను మాత్రం ఆమె మాట మధ్యలో ఆగినచోటు చూస్తుండిపోయాను.

17వ తేదీ సాయంత్రం భౌతికకాయం హకీంపేట వైమానిక స్థావరానికి వచ్చింది. గవర్నరు, మంత్రులు అక్కడ నివాళి అర్పించారు. రాత్రికి సూర్యాపేట చేరింది. 18 ఉదయం విద్యానగర్‌లోని ఇంటి నుంచి కేసారంలోని వాళ్ళ పొలం దాకా సైనిక వాహనంలో తీసుకుపోయారు. తండ్రే కొడుక్కు కర్మ చేశాడు. నాలుగేళ్ళ మనవడు పక్కన ఉన్నాడు.

అప్పటి రోజులు ఎట్లాంటివో గుర్తుచేసుకోండి. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ నుంచి పాకిన కరోనా రాష్ట్రమంతటినీ వణికించింది. జూన్ నాటికి దేశంలో ఏ చావుకైనా ఇరవై మందే పోవాలన్నది రూలు. రూలు లేకున్నా పోయేవాళ్ళు లేరు. కన్నకొడుకులే దవాఖాన గేటు బయట నిలబడి చేతులు జోడించి వెళ్ళిపోయిన రోజులవి. నాలుగు భుజాలు దొరకడమే గగనం. అట్లాంటి రోజుల్లో, అదే పట్టణంలో, దుకాణాలు ఎవరూ చెప్పకుండానే మూసుకుని, మూతికి గుడ్డలు కట్టుకుని, జనం దారి పొడుగునా రెండు పక్కలా నిలబడ్డారు. మేడల మీది నుంచి పూలు చల్లారు. నేను దాన్ని మామ ఇంట్లో టీవీలో చూశాను. పూలు చల్లిన చేతులన్నీ దేశభక్తితోనే చల్లాయని నేననుకోను. ఆ మూడు నెలల్లో చూడకుండా, తాకకుండా, ఏడవకుండా సాగనంపిన తమ వాళ్ళందరికీ కూడా ఆ పూలలో కొన్ని పడ్డాయనుకుంటాను. ఇది నా ఊహ. కాదనేవాళ్ళు సభ తర్వాత చాయ్ దగ్గర కొట్లాడవచ్చు.

ఆ ఊరేగింపులో వినిపించిన మాట 'అమర్ రహే'. అది హిందీ మాట. తెలుగునాట ప్రతి సైనికుడి శవం ముందూ అదే వినిపిస్తుంది. మనకు 'జోహార్' ఉంది గానీ అది సభల మాట, జెండాల మాట. చావు ముందు గుంపుగా అరవడానికి మన పల్లెల్లో మాట లేదు. మనకున్నవి రెండే: మగవాళ్ళ చేతిలో డప్పు, ఆడవాళ్ళ గొంతులో శోకం.

శోకం గురించి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను. మా అమ్మమ్మ శోకం పెడితే వాకిట్లో కూచున్న మగవాళ్ళు నేల చూపులు చూసేవాళ్ళు. అందులో ఏడుపు తక్కువ, అడుగుడు ఎక్కువ. జ్వరమొచ్చిన నాడు దవాఖానకు తోల్కపోని అన్న ఏడి, పొలం కాగితాలు ఎవని సందుకల ఉన్నయి, పసిపోరన్ని ఎవనికి అప్పజెప్పి పోయినవ్. అన్నీ రాగం మీదనే. పోయినవాణ్ణి తిడుతుంది, దేవుణ్ణి నిలదీస్తుంది, పేరు చెప్పకుండానే పాలివాళ్ళ పరువు తీస్తుంది. ఆమెను నోరు మూసుకొమ్మని ఎవరూ అనరు. అనే ధైర్యం పటేలుకు కూడా ఉండేది కాదు. చావింట్లో అడిగే హక్కు ఏడ్చేవాళ్ళది. ఆ పది రోజులు దాటితే అదే ప్రశ్నకు పంచాయితీ పెట్టాలి, కోర్టుకు పోవాలి.

యూనిఫాంలో పోయినవాడి దగ్గరికి వచ్చేసరికి ఈ హక్కు ఎటు పోతున్నదో నాకు అర్థం కాదు. ఆ రోజుల్లో జనం స్పందన ఎన్ని రూపాల్లో వచ్చిందో చూశాం. దిష్టిబొమ్మలు తగలబెట్టారు, చైనా టీవీలు మేడల మీది నుంచి పడేశారు. జూన్ 29న ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది, వాటిలో టిక్‌టాక్ కూడా ఉంది. మా వీధిలో దానికోసం అన్నం మానేసిన పిల్లను చూశాను. చైనా వస్తువులు కొనొద్దని చైనా ఫోన్‌లోంచే నాకు సందేశం పంపినవాళ్ళున్నారు. నేను దాన్ని చదివిందీ చైనా ఫోన్‌లోనే. కోపానికి తప్పుపట్టను. చేతికి అందని శత్రువు మీద కోపం చేతికందిన వస్తువు మీదికి పోతుంది.

కానీ ప్రశ్నలు? తుపాకులు ఉండీ ఎందుకు వాడలేదని దేశం అడిగింది. ఆయుధాలు ఉన్నాయి, 1996, 2005 ఒప్పందాల ప్రకారం వాడలేదని విదేశాంగ మంత్రి చెప్పారు. 19న అఖిలపక్ష సమావేశంలో ప్రధాని, మన భూభాగంలోకి ఎవరూ రాలేదనీ మన పోస్టు ఏదీ ఎవరి చేతిలోనూ లేదనీ అన్నారు. మరి ఇరవైమంది ఎక్కడ, ఎందుకు పోయారని మళ్ళీ అడిగారు. మన జవాన్ల పరాక్రమం వల్ల ఏర్పడిన పరిస్థితి గురించి ప్రధాని ఆ మాట అన్నారని మరునాడు ఆయన కార్యాలయం వివరణ ఇచ్చింది. అడిగినవాళ్ళలో రాజకీయం కోసం అడిగినవాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ ఊరికే తెలుసుకోవాలని అడిగినవాణ్ణి కూడా సైన్యాన్ని అవమానిస్తున్నావన్నారు. మామ ఆ మాటకు గిర్నిలోంచి లేచి వచ్చాడు. "అడిగితె అవమానమెట్లయితది? పల్టన్ల ఒక్క రైఫిల్ కనవడకుంటె కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ పెడ్తరు. ఇరవై మంది పోతె అడగొద్దా?" అన్నాడు. అక్కడున్నవాళ్ళు, ఆయన ఫౌజీ గనుక, ఏమీ అనలేదు. అదే మాట నేనంటే ఏమనేవారో ఊహించుకోగలను.

అవతలి వైపు సంగతి ఇంకా ఘోరం. తమవాళ్ళు ఎందరు పోయారో చైనా ఎనిమిది నెలలు చెప్పనే లేదు. 2021 ఫిబ్రవరి 19న నాలుగు పేర్లు బయటపెట్టింది. ఆ లెక్కను అనుమానించిన చ్యూ జిమింగ్ అనే మనిషిని వీరుల్ని అవమానించాడని ఎనిమిది నెలలు జైల్లో పెట్టింది. దింపుడు కళ్లం దగ్గర పాడె దించనియ్యని దేశం అది. మనం అట్లా కాలేదు. కానీ మనం పాడె దించి, పిలిచి, జవాబు కోసం ఆగకుండా మళ్ళీ ఎత్తుకుని నడిచాం. నినాదంలో ఉన్న చిక్కే అది. ఒకడు పేరు అంటాడు, వందమంది 'అమర్ రహే' అంటారు, వెంటనే మళ్ళీ పేరు. ఆ రెంటి మధ్య చెవి పెట్టే సందు ఉండదు.

డబ్బు సంగతి చెప్పకపోతే మీరు నన్ను వదలరు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు సంతోష్‌బాబు కుటుంబానికి అయిదు కోట్లు, భార్య సంతోషి గారికి గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించి, 22న తానే సూర్యాపేట పోయి ఇచ్చి వచ్చారు. మిగతా 19 మంది కుటుంబాలకు, వాళ్ళు ఏ రాష్ట్రం వాళ్ళయినా, పదేసి లక్షలు అన్నారు. సంతోషి గారు డిప్యూటీ కలెక్టరు అయ్యారు. మంచి పని. అయితే ఆ వారం చాయ్ హోటళ్ళలో గల్వాన్ మాట తగ్గి, కోట్ల మాట పెరిగింది. ఎవరికెంత, ఎవరికెందుకు తక్కువ. 2021 రిపబ్లిక్ డే నాడు మహావీర చక్ర ప్రకటించినప్పుడు, తన కొడుక్కు పరమవీర చక్ర రావాల్సిందని తండ్రి బయటికే చెప్పారు. ఇంకా ఏం కావాలె అని సణిగినవాళ్ళను నేను విన్నాను. ఆ పెద్దాయన మాటలో నాకు వినిపించింది పతకం కాదు, మా అమ్మమ్మ శోకం. అడుగుతున్నాడు. కొడుకు పోయిన తండ్రికి అడగడానికి దొరికిన చివరి సంగతి అది.

మీలో ఎవరైనా ఆ ఇరవైమందిలో మరో పేరు చెప్పగలరా? చెప్పండి. వెనక వరసలో ట్రిపుల్ ఐటీ పిల్లలు ఫోన్లు తీస్తున్నారు, అది లెక్కకు రాదు. నేనూ వెతికి నేర్చుకున్నవాణ్ణే. తమిళనాడు రామనాథపురం హవల్దారు పళని. ఒడిశా మయూర్‌భంజ్ నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్. మధ్యప్రదేశ్ రీవా నాయక్ దీపక్ సింగ్. దీపక్ సింగ్ నర్సింగ్ అసిస్టెంటు. ఆ రాత్రి తనకు దెబ్బలు తగిలినా ముప్పైమందికి పైగా గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టి ప్రాణాలు నిలబెట్టాడు, చివరికి తాను పోయాడు. ఆయన భార్య రేఖ 2023లో తానే సైన్యంలో లెఫ్టినెంటుగా చేరింది. ఒక్కొక్క ఊరు తనవాణ్ణి తాను పిలుచుకుంది. సూర్యాపేటకు సంతోష్‌బాబు, రీవాకు దీపక్. మామ మాత్రం ఇరవై పేర్లూ ఒక కాగితం మీద రాయించి గిర్నిలో గోడకు అంటించాడు. పిండి పడి పడి కొన్నాళ్ళకు ఆ అక్షరాలు కనిపించకుండా పోయాయి.

పెట్టెలో వచ్చిన మనిషి మన జిల్లాలకు కొత్త కాదు. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో దుబాయ్, మస్కట్, సౌదీ పోయిన మనిషి లేని వాడ లేదు. అక్కడ నిద్రలో గుండె ఆగి పోతారు, రోడ్డు మీద పోతారు, అప్పు తీరక తామే పోతారు. కాగితాలు కదలడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. శంషాబాద్ విమానాశ్రయంలో సరుకు దించే గేటు దగ్గర అంబులెన్సు నిలబడి ఉంటుంది. గవర్నరు రాడు, రానక్కర లేదు కూడా. మా చుట్టాల ఊళ్ళో అట్లా వచ్చిన పెట్టెను దింపుడు కళ్లం దగ్గర దించారు. తల ఎటువైపు ఉందో ఎవరికీ తెలియలేదు. అతని భార్య మూత మీద మూడు చోట్ల వంగి మూడుసార్లు పిలిచింది. అది చూసినప్పటి నుంచి మూడురంగుల జెండా కప్పిన పెట్టె టీవీలో కనిపిస్తే నా చూపు జెండా మీద నిలవదు. లోపల తల ఎటుందో వెతుకుతుంది.

2021 డిసెంబరు 8న దేశమంతా అట్లాగే వెతికింది. త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్, భార్య మధులిక, మరో పన్నెండుమంది సూలూరు నుంచి వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి పోతుండగా హెలికాప్టర్ కూనూరు దగ్గర కూలింది. మధ్యాహ్నం వార్త వచ్చింది. ఆయన పోయారని వైమానిక దళం చెప్పేసరికి సాయంత్రం ఆరు. ఆ మధ్య గంటల్లో బతికే ఉన్నారట, దవాఖానలో ఉన్నారట అని ఒక్కో టీవీ ఒక్కో మాట. జనం కూడా అదే కోరుకున్నారు. ఆ పూట దేశమంతా దింపుడు కళ్లమే. ఆ తర్వాత ప్రమాదమా, కుట్రా అన్న పుకార్లు మొదలయ్యాయి. మూడు దళాల అధికారులు కలిసి విచారణ చేసి, లోయలో వాతావరణం అకస్మాత్తుగా మారి మబ్బుల్లో దారి తప్పి కొండకు తగిలిందని జనవరికి తేల్చారు. విచారణ జరిగింది, కారణం చెప్పారు. అడిగినందుకు జవాబు దొరికింది, అది ఎంత చిన్నదైనా. నమ్మనివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

కానీ ఆ రోజు స్పందనలో నాకు మిగిలింది వేరే. హెలికాప్టర్ పడ్డది నంజప్ప సత్రం అనే చిన్న ఊరి పక్కన. అందులో ఎవరున్నారో ఆ ఊరివాళ్ళకు తెలియదు. మంటలకు నీళ్ళ బిందెలు పట్టుకుని పరుగెత్తారు, ఇళ్ళలోంచి దుప్పట్లు తెచ్చి మనుషుల్ని వాటిలో మోశారు. మరునాడు వెల్లింగ్టన్ నుంచి సూలూరు దాకా రోడ్డు పక్కన నిలబడి పూలు చల్లినవాళ్ళకు పెట్టెలో జనరల్ ఉన్నాడని తెలుసు. దుప్పటి తెచ్చినవాళ్ళకు మనిషి ఉన్నాడన్నదే తెలుసు. తర్వాత సైన్యం ఆ ఊరిని ఏడాదిపాటు దత్తత తీసుకుంది.

అదే హెలికాప్టర్‌లో మన తెలుగువాడు ఒకడున్నాడు. లాన్స్ నాయక్ సాయితేజ, అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడ. జనరల్‌కు అంగరక్షకుడు. వయసు 27. జనరల్‌కు 10వ తేదీన ఢిల్లీలో 17 తుపాకుల వందనంతో అంత్యక్రియలు జరిగిపోయాయి. సాయితేజ ఇంట్లో అప్పటికి ఏడవడానికి శవం కూడా లేదు. డీఎన్ఏ పరీక్ష చేసి గుర్తుపట్టి, బెంగళూరు మీదుగా మదనపల్లె దారిలో తెచ్చేసరికి 12వ తేదీ. ఆ నాలుగు రోజులు ఆ ఇంటి ముందు కూచున్న ఊరివాళ్ళ గురించి నాకు ఎక్కడా వార్త కనిపించలేదు. రావడానికి అక్కడ జరిగిందేమీ లేదు, ఊరికే కూచున్నారు.

అకస్మాత్తుగా పోయిన పెద్ద సేనానులందరికీ జనం ఏడ్చారని కూడా అనుకోవద్దు. 1963 నవంబరు 22న పూంఛ్ దగ్గర హెలికాప్టర్ టెలిగ్రాఫ్ తీగలకు తగిలి లెఫ్టినెంట్ జనరల్ దౌలత్ సింగ్, లెఫ్టినెంట్ జనరల్ బిక్రం సింగ్, ఎయిర్ వైస్ మార్షల్ పింటో సహా ఆరుగురు ఒక్కసారే పోయారు. చైనా యుద్ధం జరిగి ఏడాది. అదే రోజు అమెరికాలో కెనెడీని కాల్చారు. ప్రపంచం ఆ వైపు తిరిగి ఏడ్చింది. జమ్మూలో బిక్రం చౌక్ ఉంది. ఆ బిక్రం ఎవరని అక్కడ ఆటో ఎక్కేవాళ్ళను అడిగితే ఎందరు చెప్తారో మరి.

గల్వాన్ నుంచి శవం హకీంపేటకు వచ్చింది 2020 జూన్ 17న అన్నాను. సరిగ్గా రెండేళ్ళకు, 2022 జూన్ 17న, హకీంపేటకు ఎంతో దూరం లేని సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి. తగలబెట్టినవాళ్ళు సైన్యం అంటే పడనివాళ్ళు కాదు, సైన్యంలోకి తీసుకోలేదని కోపం వచ్చినవాళ్ళు. పరుగు పందెం గెలిచి, మెడికల్ అయి, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తుండగా నాలుగేళ్ళ కొలువు పథకం అగ్నిపథ్ వచ్చి ఆ పరీక్షే రద్దయింది. కాల్పుల్లో వరంగల్ వైపు పిల్లవాడొకడు చనిపోయాడు. ఆ పిల్లల్లో కొందరైనా సంతోష్‌బాబు ఊరేగింపును టీవీలో చూసి, వాట్సాప్‌లో ఆయన ఫోటో పెట్టుకుని పొద్దున నాలుగింటికి లేచి పరుగెత్తినవాళ్ళే అయుంటారు. పూలు చల్లిన రాష్ట్రమే ఆ పిల్లల్ని రెండేళ్ళకు రైలు కాల్చినవాళ్ళుగా చూసింది. స్టేషన్ కాల్చడం తప్పే. కానీ అది చూసి మామ ఏమనేవాడో, చెప్పడానికి అప్పటికి మామ లేడు.

పిలిచాక ఆగి విన్న సంగతి కూడా ఒకటుంది. మన ఆదిలాబాద్ అడవుల్లోనూ ఒక సేనాని పోయాడు. జోడేఘాట్‌లో కొమురం భీం, 1940లో. ఏ తేదీ అన్నది పుస్తకాల్లో ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. గోండులకు ఆ బాధ లేదు. వాళ్ళు ఆశ్వయుజ పున్నమి పట్టుకున్నారు. ఏటా ఆ వెన్నెల రాత్రికి జోడేఘాట్ చేరతారు. అంతకన్నా ముఖ్యమైనది, ఆ చావు తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి ఆ కొండల్లోకి పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి, ఎందుకు తిరగబడ్డారని అడిగి, విని, రాసి ఇచ్చాడు. పట్టాలు వచ్చాయి, గోండి పిల్లలకు బళ్ళు వచ్చాయి. అన్నీ రాలేదు, వచ్చినవన్నీ నిలవనూ లేదు. కానీ చంపిన ప్రభుత్వమే ఒకసారి పాడె దగ్గర ఆగి చెవి పెట్టింది. అందుకు మన కాలంలో నేను చెప్పగల ఉదాహరణ తక్కువ.

మామ 2021 మే నెలలో కరోనాతో పోయాడు. నిజామాబాద్‌లో ఒక దవాఖాన నుంచి తెల్ల డ్రెస్సుల వాళ్ళు సంచిలో కట్టి తెచ్చారు. పాడె లేదు, డప్పు లేదు, దించడం అసలే లేదు. గేటు ఇవతల నిలబడి మామా అని మూడుసార్లు నేను పిలిచింది అంబులెన్సు ఇంజను చప్పుడులో నాకే వినపడలేదు. ముంత మాత్రం ఇచ్చారు. మన గట్టు దగ్గరే, నాకు నడక దూరం.

ఆ జూన్ 15న సూర్యాపేట కోర్టు చౌరస్తాలో సంతోష్‌బాబు కంచు విగ్రహం పెట్టారు. చౌరస్తాకు ఆయన పేరు పెట్టారు. కొంతకాలం తర్వాత మామ కోసం నేనొకసారి అక్కడికి పోవాలనుకున్నాను. ఇక్కణ్ణుంచి మూడువందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లో బస్సు మారి పోయాను. పట్టణంలోకి వచ్చాక కండక్టరు ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి "కోర్టు చౌరస్తా" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఎండకు అందరూ కునుకు తీస్తున్నారు. "సంతోష్‌బాబు చౌరస్తా" అన్నాడు. ఆగి బస్సంతా ఒకసారి చూశాడు. మళ్ళీ "సంతోష్‌బాబు" అన్నాడు. మూడోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. నేను లేచేలోపు వెనక సీట్లోంచి, ఒళ్ళో కూరగాయల సంచి పెట్టుకున్న ముసలామె కళ్ళు తెరిచింది.

"ఆగు బిడ్డా," అంది, "వస్తున్న."